ఇంటి సాక్ష్యము

తెలుగు బైబిలు చదివినవారికి 'వేషధారి' యను మాట చిరపరిచితము. గ్రీకు భాషలో నాటకమున పాత్ర ధరించు నటునికి పేరైయుండిన 'హుపొక్రిటేస్' అను శబ్దము, లోపలొకటియు వెలుపలొకటియుగా నడచుకొను భక్తుని సూచించునప్పుడు, మన అనువాదకులు దానికి ఏర్చిన మాట యిది. ఏర్చినవారెవ్వరైనను తెలుగుపల్లెను చక్కగా నెరిగినవారని నా ఊహ. ఏలయన మన ఊళ్ళకు పగటివేషగాండ్రు వచ్చెడివారు. తెరచాటున, దివిటీల వెలుగున గాక, పట్టపగలు ఇంటింటి వాకిట నిలిచి, ఒకనాడు అర్ధనారీశ్వరుడుగను, మరునాడు ఫకీరుగను, ఆ పైనాడు బుడబుక్కలవాడుగను కనబడి, కడపటినాడు వేషము విడిచి మామూలు బట్టలతో వచ్చి సంభావన పుచ్చుకొని పోయెడివారు. వారి వలన ఊరెన్నడును మోసపోలేదు. ఆ రంగుల మాటునున్న మనిషిని అందరికంటె ముందు పోల్చుకొనువారు పిల్లలు. భక్తివేషము సంగతియు ఇంచుమించు అట్టిదే. గుడిలో తండ్రి ధరించు ముఖమును సంఘము చూచును. గడప లోపలి ముఖమును బిడ్డ చూచును. రెండింటిని పక్కపక్కన నుంచి చూడగలవాడు ఆ బిడ్డ యొక్కడే.

తెలుగునేలపై క్రైస్తవము గోపురముగా లేచుటకు ముందు ఇల్లుగా నిలిచినది. పదునెనిమిదవ శతాబ్దమున రాయలసీమలోను, పిదప గుంటూరుసీమలోను స్థిరపడిన కతోలిక కుటుంబములు, 1773లో యేసుసభ రద్దయి గురువులు కరవైన కాలమున, ఉపదేశి కంఠస్థమొనర్పించిన జపములనే ఆధారముగా గొని తమ మతమును ఇంటిలోనే కాపాడుకొనవలసి వచ్చెను. 1805లో విశాఖపట్టణమున లండను మిషనువారును, 1836లో బాప్తిస్టు డేదొరయు, 1841లో మచిలీపట్టణమున ఫాక్సు, నోబులు దొరలును, 1842లో గుంటూరున హేయరు దొరయు అడుగిడిరి. వారి కార్యములను గూర్చి వేరు గ్రంథములు కలవు గాన ఇచట విస్తరింపను. గుంటూరువారితో వచ్చిన ఒక చిన్న పుస్తకమును మాత్రము విడువరాదు. 1529లో మార్టిను లూథరు వ్రాసిన ఆ చిన్న ప్రశ్నోత్తర గ్రంథము, గురువు గుడిలో బోధించుటకంటె, ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పుటకై వ్రాయబడినది. ఆజ్ఞలు మొదలుకొని భోజనకాలపు ప్రార్థన వరకు అందలి భారమంతయు తండ్రి భుజముల మీదనే పెట్టబడినది. జర్మను దేశపు రైతుకుటుంబములకై పుట్టిన ఆ ఏర్పాటు, మూడు శతాబ్దముల పిదప, అక్షరము రాని తెలుగు పాలేరు గుడిసెలోనికి వచ్చినప్పుడు ఎంతటి విచిత్రమైన మార్పునకు లోనైనదో ముందు చూడగలము.

ఆ మార్పునకు పూర్వరంగము ఒంగోలుసీమలో జరిగినది. ఎర్రగుంట్ల పేరయ్య యను మాదిగ పెద్ద తోళ్ళ బేరమునకై ఉత్తరముగా తిరుగుచు, అచట క్రీస్తును గూర్చి విని, 1866లో భార్యతో కూడ నెల్లూరునకు నడచిపోయి, అచటి మిషనరీ జూయెట్ దొర చేత బాప్తిస్మము పొందెను. భార్యను వెంటబెట్టుకొని పోవుటను చరిత్రకారులు సాధారణముగా ఒక్క వాక్యముతో దాటిపోవుదురు గాని, నా దృష్టిలో ఈ కథ అంతటికిని అదియే కీలు. ఒక మనిషి మతము మారినచో అది వార్త. పొయ్యి యొద్ద కూర్చుండు మనిషియు మారినచో అది ఆచారము. ఆ సంవత్సరముననే ఒంగోలు చేరిన మిషనరీ జాన్ క్లౌ దొర, పేరయ్య వెంట పల్లెలు తిరుగుచు, ఈ మతము వ్యక్తినుండి వ్యక్తికి గాక, బంధువునుండి బంధువునకు, వియ్యమునుండి వియ్యమునకు ప్రాకుచున్నదని గుర్తించెను.

అచ్చటి క్రొత్త సంఘములకు వేదాంతసిద్ధాంతములు అంతగా తెలియవు, కాని ఆచరణకు మూడు కట్టుబాట్లు ఏర్పడినవి: ఆదివారము పని చేయరాదు, చచ్చిన గొడ్డు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. నేటి చదువరికి ఇవి చిన్న సంగతులుగ తోచును. ఆనాటి పల్లె వ్యవస్థ నెరిగినవాడు మాత్రము ఈ మూటిలో ఏ యొక్కటియు చిన్నది కాదని గ్రహించును. మాదిగవాడు రైతునకు మోటబానలు కుట్టును, చెప్పులు కుట్టును, కోతలకు కళ్ళములకు వచ్చును; అందులకు కళ్ళమునందు అతనికి మేర ధాన్యము కొలువబడును; ఊరిలో గొడ్డు చచ్చినచో ఆ కళేబరము అతనిది; గ్రామదేవతకు కొలుపు చేయునప్పుడు డప్పు అతనిది. ఇవన్నియు ఒకే త్రాటికి వేసిన ముడులు. ఆదివారము పనికి రాననుట రైతునకు కార్తె దాటిపోవుట. మాంసము ముట్టననుట తరతరముల కొలువును తిరస్కరించుట. డప్పు వాయింపననుట దేవత కోపమును ఊరిమీదికి తెచ్చుట. అమావాస్యనాడు అరక కట్టని రైతు, ఏడు దినముల కొక మారు చేతులు ముడుచుకొను మాదిగవానిని క్షమింపలేకపోయెను. మేర నిలిచిపోయినది, బావికి పోవు దారి మూసికొనిపోయినది, కరణము మునసబుల చేతులలో దొంగతనపు నిందలు సిద్ధముగ నుండినవి.

చచ్చిన గొడ్డును తినుట పాపమని నేననజాలను. ఆకలిగొన్నవానిచేత దానిని తినిపించిన వ్యవస్థను వదలి, తిన్నవానిని దూషించుట అన్యాయము. ఆ కట్టుబాటును మెచ్చుకొనిన దొరలలో కొందరి మాటలయందు ఇట్టి చిన్నచూపు లేకపోలేదు. నన్ను ఆశ్చర్యపరచునది వేరొకటి. ఈ మూడు నియమములును దాచుటకు వీలులేనివి. విశ్వాసము హృదయమున నున్నదని చెప్పి తప్పించుకొనుటకు అందు సందు లేదు. పక్కయింట మాంసము ఉడుకుచుండగా తన యింట అంబలియే కాగుచున్నదని పిల్లవానికి తెలియును. ఆదివారమునాడు తండ్రి పొలమునకు పోయెనో లేదో పిల్లవాడు చూచును. కొలుపునాడు డప్పు చూరున వ్రేలాడుచున్నదో, తండ్రి మెడను వ్రేలాడుచున్నదో వాడే చెప్పును. ఆ కారణమున, మొదటి తరము క్రైస్తవులకు నటించుట దుస్సాధ్యమై యుండెను. వారు బలహీనులు కారని కాదు; తప్పినవారిని సంఘపెద్దలు పిలిచి విచారించి, కొంతకాలము ప్రభువు బల్లనుండి నిలిపివేసిన సందర్భములు కలవు. ఐనను తప్పు తప్పుగానే వీధిలో కనబడెడిది. ఒప్పు రూపమున ఇంటిలో దాగియుండలేదు.

క్లౌ దొరకును ఈ పరీక్ష తప్పలేదు. ఒంగోలులోని అగ్రవర్ణములవారు ఆయన పాఠశాలకు తమ పిల్లలను పంపిరి; మాదిగలు సంఘమున చేరగానే, వారిని దూరముగ నుంచినచో మాత్రమే మేముందుమనిరి. ఆయన మాదిగలనే ఎన్నుకొనెను. బడి ఇంచుమించు ఖాళీయయ్యెను. మరి పదేండ్లకు ధాత కరవు వచ్చినప్పుడు, 1876-78 నడుమ, ఆయన బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును కంట్రాక్టు పుచ్చుకొని వేలమందికి కూలి చూపెను. బోధకులు మేస్త్రీలుగా పనిచేసిరి. బాప్తిస్మమిండని వచ్చినవారిని మాత్రము, కరవు పని సాగినంతకాలము, నెలల తరబడి త్రిప్పి పంపెను. అన్నముకొరకు వచ్చితిరని రేపు ఎవ్వరును ఆ బిడ్డలను ఎత్తిపొడువరాదని ఆయన తలంపు. సహాయపు సొమ్ము ఆగిపోయిన పిమ్మట, 1878 జులై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లి యొద్ద, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలిచి 2,222 మందికి బాప్తిస్మమిచ్చిరి. ఆ సంఖ్యను క్రైస్తవ పత్రికలు లోకమంతట చాటినవి. అంతకుముందు తలుపు మూసియుంచిన నెలలను చాటినవారు తక్కువ.

ఇక కుటుంబప్రార్థన మాట. సందెవేళ దీపము పెట్టిన తరువాత, కూలి ముగించుకొని వచ్చి, కాళ్ళు కడిగికొని, చాపమీదనో మట్టి అరుగుమీదనో అందరును కూర్చుండి, ఒక కీర్తన పాడి, వాక్యము చదివి, పెద్దవాడు ప్రార్థించి, పిమ్మట అన్నము తినుట తెలుగు క్రైస్తవ గృహములందు ఆచారము. కీర్తనలకు కొదువ లేదు. 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరి కవి మన రాగములలో, మన తాళములలో రచించి యిచ్చినవి ఊరూరను నిలిచియుండెను. చదువుటయే కష్టము. యజమాని నేర్పవలెనని లూథరు వ్రాసెను. కాని తెలుగు గూడెమున ఆ యజమానికి అక్షరము రాదు. మిషనువారు ప్రార్థనశాలలోనే బడి పెట్టి, పంతులును నియమించి, ముందుగ పిల్లలకు చదువు చెప్పిరి. కాగా సాయంకాలమున గ్రంథము విప్పి చదువువాడు కుమారుడు, చేతులు కట్టుకొని వినువాడు తండ్రి. ఎనిమిదేండ్ల పిల్లవాడు వ్రేలితో అక్షరములను వెంబడించుచు, కూడబలుకుకొనుచు, కల్లు త్రాగకుమనియు, భార్యతో నిష్ఠురముగ నుండకుమనియు అర్థము వచ్చు మాటలను చదువును; కల్లుపాక నుండి అప్పుడే వచ్చిన తండ్రి వినవలెను. జర్మను దేశమున పైనుండి క్రిందికి ప్రవహించిన ఉపదేశము, మన దేశమున క్రిందినుండి పైకి ప్రవహించెను. ఇట్టి వింత అధికారమార్పిడిని మన సాంఘిక చరిత్రకారులు ఏల గమనింపరైరో నాకు తెలియదు.

ఈ ఏర్పాటులో తండ్రికి రెండే దారులు. చదువువానిని కసరి పుస్తకము మూయించుట యొకటి. విని, మరునాడు కొంచెము మారుట రెండవది. మొదటి దారిని త్రొక్కినవారును కలరు. అటువంటి యిండ్లలో ప్రార్థన ఆగిపోలేదు. అది మరింత దీర్ఘమయ్యెను. పిల్లవాడు నిద్రతో జోగుచుండగా, తండ్రి కన్నులు మూసికొని, సంఘమున తాను వినిన పెద్దమాటలన్నిటిని వరుసగా వల్లించును. కన్నులు తెరచిన మరుక్షణమున కూరలో ఉప్పు చాలలేదని తల్లిమీద కంచము విసరును. ప్రార్థనలోని భాషకును, కంచము విసరిన భాషకును నడుమ నున్న దూరమును బిడ్డ అచ్చముగ కొలిచియుంచుకొనును. రెండవ దారిని త్రొక్కినవారి యిండ్లలో వింతలేవియు జరుగలేదు. తండ్రి తనకు చదువు రాదని ఒప్పుకొనెను, తప్పు చేసితినని అప్పుడప్పుడు బిడ్డల యెదుటనే అనెను, అంతే.

తల్లి పక్షమున మరొక ఆచారము పెరిగినది. అత్తెసరు పెట్టుటకు ముందు, చేటలోని బియ్యమునుండి ఒక్క పిడికెడు తీసి వేరు కుండలో వేయుట. ఆదివారమునాడు ఆ కుండ గుడికి పోవును. ఈ పిడికెడు బియ్యమును సంఘపోషణకు ఆధారముగ చేసినవారిలో దోర్నకల్ బిషపు వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు ముఖ్యులు. తిరునెల్వేలినుండి 1909లో మిషనరీగా వచ్చి, తెలుగు నేర్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికను సంఘపు మొదటి భారతీయ బిషపుగా అభిషిక్తులైన ఈ తమిళ పెద్దమనిషి, దొరలిచ్చు ధనముకంటె కూలివాడు తీసిన పిడికెడు బియ్యమునకు ఎక్కువ విలువ కట్టెను. పిడికెడు చిన్నదే, కాని ఎసరు మరుగుచుండగా, ఇంట బియ్యము చాలవని తెలిసియుండగా, తల్లి చేయి కుండలోనికి పోయెనో లేదో ప్రక్కన కూర్చున్న కూతురు చూచును. ఇచ్చుటను గూర్చి ఆమె అంతకంటె వినవలసిన ప్రసంగము లేదు. అజరయ్యగారు క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిచేత చేతిని తలపై నుంచుకొని, తాము సువార్త ప్రకటింపకున్న తమకు శ్రమయని పలికించెడివారు. పల్లెలకు పంపు ఉపదేశుల భార్యలకు గూడ భర్తలతో పాటు శిక్షణ నిచ్చుట ఆ అధ్యక్షమండలమున పద్ధతియైయుండెను. ఉపదేశి ఇల్లు గూడెము నడుమ తలుపులు తెరచియుండు ఇల్లు. అందు భార్యాభర్తలు ఏ గొంతుతో మాటలాడుకొందురో గూడెమంతయు వినును. అజరయ్యగారి భార్య అన్బు అమ్మగారు స్త్రీల నడుమ ఆ పనినే చేసిరి. 1939లో దోర్నకల్లున ప్రతిష్ఠితమైన ఎపిఫనీ దేవాలయమును చూడబోవువారు దాని స్తంభములను, గుమ్మటములను మెచ్చుకొందురు. బియ్యపుకుండకు చిత్రము తీసినవారిని నేనెరుగను.

ఇంతవరకు చెప్పిన దానిలో కీర్తి పాలెక్కువ. మిగిలినది చెప్పకున్న నేనును వేషధారినగుదును. మూడు కట్టుబాట్ల తరమునకు మనుమలు పుట్టి, చదివి, ఉపాధ్యాయులై, గుమాస్తాలై, పట్టణములలో పెంకుటిండ్లు కట్టిన తరువాత, చచ్చిన గొడ్డు మాంసపు ప్రశ్న దానంతటదియే తొలగిపోయెను. ఆదివారము ప్రభుత్వపు సెలవుదినమయ్యెను. పాటించుటకు కష్టమైన నియమము ఒక్కటియు మిగులలేదు, ఒక్కటి తప్ప. అది కులము. ఒక బల్లయొద్ద ఒకే రొట్టెను విరుచుకొనిన మాల మాదిగలు, రెడ్డి కమ్మ క్రైస్తవులు, పెండ్లి మాట వచ్చుసరికి తమ తమ తాతల గూడెములకును, వీధులకును తిరిగిపోవుచుండిరి. సంబంధము వెదకు తండ్రి 'మాకు కులపట్టింపు లేదండి, విశ్వాసులైన చాలును' అని బయట పలికి, లోపల తల్లితో 'వాళ్ళు మనవాళ్ళేనా' యని గొంతు తగ్గించి అడుగును. ఆ తగ్గించిన గొంతును గోడవతల కూతురు వినును. వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువ కవి యాదవుడైన తండ్రికిని, మాదిగ కులస్థురాలైన తల్లికిని పుట్టి, బాల్యముననే రెండు వైపుల తిరస్కారమును రుచిచూచెను. పురాణకథలను కావ్యవస్తువులుగ గైకొన్నందుకు క్రైస్తవులు ఆయనను వెలిగా చూచిరి, హిందువులు అస్పృశ్యుడనిరి. 1941 నాటి 'గబ్బిలము' ఎవరిని నిలదీసినదో హిందూ పాఠకులు చక్కగా ఎరుగుదురు. క్రైస్తవ పాఠకులు తమ్ముగూడ అందు చూచుకొనిరా యని నా సంశయము.

రెండవ చిక్కు స్వతంత్ర భారతమున పుట్టినది. హిందూమతము గాక వేరు మతము నవలంబించువాడు షెడ్యూల్డు కులస్థుడుగా ఎంచబడడని 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు శాసించెను. 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును మినహాయింపు కలిగినది గాని క్రైస్తవులకు కలుగలేదు. ఆంధ్రప్రదేశమున వారిని వెనుకబడిన తరగతుల 'సి' వర్గమున చేర్చి ఒక శాతము కేటాయించిరి. అదే గూడెమున, అదే గోడ కవతల, మతము మారని బంధువునకు పదునైదు శాతములో పాలు కలదు. దీని ఫలితము ఇంటింట రెండు పేర్లు. గుడి రిజిస్టరులో దేవదానము, బడి రిజిస్టరులో వెంకటేశ్వర్లు. సందెప్రార్థనలో ఒక పేరు, హాజరుపట్టీలో మరొక పేరు. అబద్ధమాడరాదను ఆజ్ఞను కంఠత పెట్టించిన తండ్రియే బిడ్డను బడికి తీసికొనిపోయి, పంతులు అడిగినప్పుడు 'హిందువులమే' యని వ్రాయించును. దారిలో బిడ్డ అడుగును: 'నాన్నా, నా పేరు ఏది?'

ఈ తండ్రిని వేషధారి యని తీర్పు తీర్చుటకు నా కలము సాగదు. దారిద్ర్యము పలికించిన అబద్ధమును, గౌరవము పలికించిన అబద్ధమును ఒకే త్రాసున తూచరాదు. ఉత్తరువు అతనిచేత ఒక పేరును దాపించినది. కులపట్టింపును దాచుకొనుమని అతనిని ఎవ్వరును బలవంతపెట్టలేదు. సంఘపెద్దలు ఎన్నో ఏండ్లుగా పేరు దాచుటను గూర్చి కఠినముగ ప్రసంగించి, కులపట్టింపును గూర్చి మౌనము వహించిరి. అది తలక్రిందులు. ఐనను, అడిగిన బిడ్డకు ఏమి చెప్పెనను దానియందు తండ్రికిని తండ్రికిని భేదము కలదు. 'నోరు మూసికొని నడువుము' అనినవాడును కలడు. రోడ్డు ప్రక్కన చింతచెట్టు క్రింద నిలిచి, ప్రభుత్వపు నియమమేమో, తన భయమేమో, తాను చేయునది తప్పని తనకును తెలియునని, పెద్దవాడవైన పిమ్మట నీవే నిర్ణయించుకొనుమని చెప్పినవాడును కలడు. ఈ రెండవవాని కుమారులలో కొందరు పెద్దవారై, చట్టప్రకారము తమ పేరును గుడిపేరునకు మార్చుకొని, రావలసిన ఉద్యోగావకాశములను వదలుకొనిరి. కొందరు అట్లు చేయలేదు. చేయనివారును తండ్రిని దూషింపరు.

పాత సంఘముల బాప్తిస్మపు రిజిస్టర్లు ఒంగోలు, గుంటూరు, దోర్నకల్ ప్రాంతములలో అక్కడక్కడ చెదలపాలగుచున్నవి. అందు పేర్లును తేదీలును తప్ప, ఎవ్వరు ఏమి విడిచిరి, ఎవ్వరు ఏమి దాచిరి యనునది వ్రాయబడలేదు. మీ యింట డెబ్బది, ఎనుబది యేండ్లు దాటిన అమ్మమ్మయో తాతయో ఇంకను ఉన్నయెడల, ఈ వారమే ప్రక్కన కూర్చుండి అడుగుడు: సందెవేళ వాక్యము చదివినదెవరు, ఆ పూట తండ్రి ఏమి చేసెను, బియ్యపుకుండ ఏ మూల నుండెడిది, పేరెందుకు మారినది. వారు చెప్పినది చెప్పినట్లు, మెరుగు దిద్దక, ఒక నోటుపుస్తకమున వ్రాసి ఉంచుడు.